రీస్టార్ట్ వద్దన్న వీరలక్ష్మి

కొత్తగూడ ఫ్లైఓవర్ పక్కసందులో కింద మందుల షాపు, మొదటి అంతస్తులో పళ్ల డాక్టరు, ఆ పైన ఒక చిన్న కంపెనీ. హైటెక్ సిటీ అంటే అందరికీ అద్దాల మేడలే గుర్తొస్తాయి. ఆ మేడల కింద మురుగు తోడే పంపులు కూడా ఉంటాయని, వాటిని నడిపించే డబ్బాలు ఎక్కడో ఒకచోట తయారవ్వాలని ఎవరికీ తట్టదు. అవి నడుస్తున్నంత కాలం తట్టాల్సిన అవసరమూ లేదు. ఈ కంపెనీ తయారుచేసేవి ఆ డబ్బాలే. టిఫిన్ బాక్సంత ఇనప పెట్టె, లోపల లైనక్స్ మీద నడిచే బుల్లి కంప్యూటరు. కాగితాల్లో దాని పేరు కంట్రోలరు. వాడేవాళ్లందరికీ అది డబ్బానే.

గోడకు బిగించాక ఆ డబ్బా చేసే పని చిన్నదేం కాదు. ఏ పంపు ఎప్పుడు తిరగాలో, ఎప్పుడు ఆగాలో చూసుకుంటుంది. మురుగు గుంటలో విషవాయువు ఎంత ఉందో కొలిచి, బయట చిన్న తెర మీద అంకె చూపిస్తుంది. వాయువు పెరిగితే ఫ్యాను వేసి, సైరన్ మోగిస్తుంది. పంపు ముందరి జాలీలో చెత్త ఇరుక్కున్నప్పుడు ఆపరేటర్లు ఆ అంకె చూసుకునే గుంటలోకి దిగుతారు. అంకె తప్పయితే ఏమవుతుందో వేరే చెప్పనక్కర్లేదు.

ఆ డబ్బాలకు జబ్బు చేస్తే చూసేది వీరలక్ష్మి. నలభై దాటిన మనిషి. బల్ల మీద ఎప్పుడూ చల్లారిపోయిన టీ, చెవి దగ్గర ఫోను. హైదరాబాదు వచ్చి ఎన్నేళ్లయినా మాటలో గోదావరి యాస వదల్లేదు, కోపం వస్తే మరీ చిక్కబడుతుంది. కోపం రావడానికి పెద్ద కారణాలేం అక్కర్లేదు. అవతలి మనిషి "రీస్టార్ట్ చేశాను మేడమ్, ఇప్పుడు బానే ఉంది" అంటే చాలు.

"ఎవరు చెయ్యమన్నారండీ మిమ్మల్ని?" అని లేచేది. "దొంగలు పడ్డ ఇంటిని శుభ్రంగా కడిగి, ముగ్గేసి, అప్పుడు పోలీసుల్ని పిలిచినట్టుంది మీ వరస."

ఆఫీసులో కుర్రాళ్లు ఆమెకు 'రీస్టార్ట్ వద్దు మేడమ్' అని పేరు పెట్టారు. ఆ సంగతి ఆమెకు తెలుసు. తెలిసీ పట్టించుకునేది కాదు, పైగా లోలోపల కాస్త గర్వపడేది.

ఆ పట్టుదల నాన్న దగ్గర నుంచి వచ్చింది. ఆయన రామచంద్రపురంలో రేడియోలు బాగుచేసేవాడు. పాట మధ్యలో ఆగిపోతే జనం రేడియో నెత్తిన ఒకటి మొట్టేవాళ్లు, అది మళ్లీ పాడేది. అలా నాలుగు దెబ్బలు తిన్న రేడియో కొట్లోకి వస్తే ఆయనకు ఒళ్లు మండిపోయేది. తప్పు పోలేదురా, దాక్కుంది, ఇప్పుడు దాన్ని ఎక్కడని వెతకను అని విసుక్కునేవాడు. ఆ కొట్లో బల్ల కింద కూర్చుని తీగముక్కలతో ఆడుకుంటూ పెరిగింది వీరలక్ష్మి. కాకినాడలో పాలిటెక్నిక్ చదివింది. ఇన్వర్టర్లు బాగుచేసే చోట కొన్నాళ్లు చేసింది. ఇరిగేషన్ ఆఫీసులో పనిచేసే రామ్మోహనరావును పెళ్లి చేసుకుని లింగంపల్లిలో కాపురం పెట్టింది. పెద్ద కంపెనీలు డిప్లొమా అనగానే మొహం తిప్పుకున్నాయి. ఈ చిన్న కంపెనీ రమ్మంది. వచ్చింది, కుదురుకుంది, ఇక కదల్లేదు.

ఆ ఏడాది ఎండలు ముదిరినప్పటి నుంచీ ఊరంతా ఒకటే ఫిర్యాదు. డబ్బా స్లో అయిపోతోంది. బటన్ నొక్కితే ఎప్పటికో గానీ పంపు కదలట్లేదు. కంపెనీ సర్వరుకు అందే లెక్కల్లో చూస్తే లోడ్ విపరీతంగా పెరిగి ఉంటోంది.

లోడ్ అంటే డబ్బాలో ఎన్ని పనులు వరుసలో నిలబడి ఉన్నాయో చెప్పే అంకె. అది పెరిగిందంటే ప్రాసెసర్ మీద భారం ఎక్కువైందని అందరూ అనుకుంటారు, చాలాసార్లు అది నిజం కూడా. కానీ ఇక్కడ ప్రాసెసర్ దాదాపు ఖాళీగా ఉంది. రేషను షాపు ముందు జనం బారులు తీరి నిలబడితే, లోపల డీలరు మాత్రం విసనకర్ర ఊపుకుంటూ కూర్చున్నట్టు. మరి వరుస ఎందుకు కదలట్లేదు? గోడౌన్ తాళం రాలేదా, తూకం పాడైందా? అది తెలియాలంటే వరుస నిలబడి ఉండగానే వెళ్లి చూడాలి. రీస్టార్ట్ చేస్తే జనం చెదిరిపోతారు. డబ్బా కొన్నాళ్లు బుద్ధిగా పనిచేస్తుంది, ఆనక మళ్లీ మొదలు.

ప్రతిసారీ ఆమె అందుకునేలోపే ఎవరో ఒకరు స్విచ్ తీసి వేసేసేవారు. ఒకసారి కొండాపూర్‌లో ఒక అపార్టుమెంటు నుంచి కబురొస్తే, ముట్టుకోవద్దని మరీ మరీ చెప్పి, ఆటో ఎక్కి పరుగున వెళ్లింది. వెళ్లేసరికి అక్కడి వాచ్‌మన్ చిరునవ్వుతో ఎదురొచ్చి, మీకు శ్రమెందుకని నేనే ఆపి వేశాను మేడమ్ అన్నాడు. పాపం, టీ కూడా ఇప్పించాడు. ఆ టీ ఆమె గొంతు దిగలేదు.

మేనేజరు రవికిరణ్ వయసులో ఆమెకన్నా చిన్నవాడు, మంచివాడే. రోజూ తెల్లవారుజామున డబ్బాలన్నీ వాటంతటవే రీస్టార్ట్ అయ్యేలా పెట్టేద్దాం, గొడవ వదిలిపోతుంది అన్నాడు. చాలామంది చేసే పనే అది. వీరలక్ష్మి ఒప్పుకోలేదు. రోజూ పొద్దున్నే జ్వరం మాత్ర మింగించి పంపిస్తే లోపలున్నది ఏం జ్వరమో ఎప్పటికి తెలుస్తుంది అని వాదించింది. గట్టిగానే వాదించింది. రవికిరణ్ తల గోక్కుని, సరే మేడమ్, మీ ఇష్టం అన్నాడు. ఆ వాదన ఆమె గెలిచింది.

ఇంకో సంగతి కూడా ఆఫీసులో అందరికీ తెలుసు. లోడ్ మరీ పెరిగినప్పుడు తెర మీద అంకెలు మారడం మానేస్తాయి. ఆఖరిసారి కొలిచిన అంకె అలాగే నిలబడి ఉంటుంది, అదీ పచ్చరంగులో, ఏమీ ఎరగనట్టు. అంకె పాతదైతే బూడిదరంగులోకి మారాలని వీరలక్ష్మే ఒకసారి మీటింగులో అంది. అది డిస్‌ప్లే సమస్యే కదా, తర్వాత చూద్దాం అన్నాడు రవికిరణ్. ఆమె కూడా సరే అంది. అసలు జబ్బు దొరికితే తెర దానంతటదే కుదురుకుంటుందిలే అనుకుంది.

నార్సింగిలో కొత్తగా లేచిన టవర్ల సముదాయంలో మురుగునీటి ప్లాంటు చూసే ఆపరేటరు రాజయ్య. ఆ ఊరివాడే. ఆ టవర్లు నిలబడ్డ నేల మీదే చిన్నప్పుడు గొర్రెలు కాశాడు. డబ్బా బిగించిన కొత్తలో వీరలక్ష్మి అక్కడికి వెళ్లినప్పుడు, కుర్చీ తుడిచి వేసి, తాను నిలబడే ఉండి అన్నీ అడిగి తెలుసుకున్నాడు.

"మేడమ్, జర చెప్పుండ్రి. ఈ డబ్బ నారాజైతే నేనేం జెయ్యాలె?"

"ఏమీ చెయ్యకండి రాజయ్యగారూ. స్విచ్ జోలికి అసలు పోకండి. నాకు ఫోన్ చెయ్యండి, నేను చూస్తాను."

"బంద్ జేసి మల్ల పెడితే మంచిగైతది గద?"

"అవుతుందండీ. అందుకే వద్దంటున్నాను."

రాజయ్యకు అది వింతగా తోచి నవ్వాడు. ఆమె రేషను షాపు సంగతి చెప్పింది. అది మాత్రం అతనికి ఇట్టే అర్థమైంది. "అట్లనా! లైను చెదరగొట్టొద్దంటరు. సరే మేడమ్, మీ మాట మీదనే ఉంట" అన్నాడు.

అప్పటినుంచి వారానికోసారైనా ఫోన్ చేసేవాడు. డబ్బా బాగున్నా చేసేవాడు. "ఏంది మేడమ్, మంచిగున్నరా? ఏం లేదు, ఊకెనే చేసిన" అనేవాడు. ఊరికే చెయ్యడానికి ఇది చుట్టాలిల్లు కాదండీ అని ఆమె కసిరేది, కసురుతూనే ఇంకో రెండు మాటలు మాట్లాడేది. ఒకసారి టవర్లలోంచి కొత్తగూడ వైపు వచ్చే డ్రైవరు చేత సంచెడు మక్కకంకులు పంపాడు. ఆఫీసంతా కాల్చుకు తిన్నారు. ఆమె మాట విని చెయ్యి కట్టుకుని కూర్చునే ఆపరేటరు ఊరు మొత్తం మీద అతనొక్కడే. ఎప్పటికైనా ఆ జబ్బు దొరికితే రాజయ్య దగ్గరే దొరుకుతుందని ఆమె అందరితో అనేది.

రాత్రంతా వాన దంచికొట్టిన ఒక రోజు, ఆఫీసులో పొద్దుటి టీ వచ్చే వేళకు ఆ ఫోను రానే వచ్చింది.

"మేడమ్, నేను రాజయ్యను. డబ్బ మొండికేసింది. బటన్ వత్తితే పంపు మొదలైతనే లేదు. ఇక్కడ వాన నీళ్లు గూడ గుంటలకే వస్తున్నయి, పైన అసోసియేషనోళ్లది ఒకటే లొల్లి. బంద్ జేసి పెట్టన్నా?"

వీరలక్ష్మి కుర్చీలోంచి లేచి నిలబడింది. "వద్దండీ! మీకు దండం పెడతాను, ముట్టుకోకండి. ఇన్నాళ్లకు దొరికింది. ఒక్క అరగంట ఓపిక పట్టండి."

"అరగంటనా?" అన్నాడు రాజయ్య. వెనకాల మురుగులోకి గాలి కొట్టే బ్లోయర్ల రొద. "సరే మేడమ్. మీరు జూడుండ్రి."

గుంటలోకి ఎవరైనా దిగుతున్నారా అని ఆమె అడగలేదు. డబ్బా మాట వినట్లేదని ఫోనొస్తే ముందు అడగాల్సిన మాట అదే, మామూలు రోజైతే అడిగేది కూడా. ఆ క్షణంలో ఆమెకు గుంట గుర్తు లేదు. ఎన్నో నెలలుగా చేతికి చిక్కకుండా తిప్పలు పెట్టిన తప్పు ఒకటే గుర్తుంది.

తన బల్ల దగ్గర నుంచే నెట్ మీద ఆ డబ్బాలోకి వెళ్లింది. ఒక అక్షరం కొడితే కొంతసేపటికి గానీ కంప్యూటరు మీద పడట్లేదు. అంత నత్తనడక చూసి ఇంకొకరైతే తల బాదుకునేవాళ్లు, ఆమెకు మాత్రం ప్రాణం లేచొచ్చింది. వరుస నిలబడే ఉంది. ప్రాసెసర్ చూసింది, ఖాళీ. లోపలి జ్ఞాపకశక్తి చూసింది, కావలసినంత ఉంది. సెన్సర్ల తీగలో ఏదో పేచీ ఉందని ఆమెకు మొదటి నుంచీ అనుమానం, అదీ చూసింది. తీగలో ఏ పేచీ లేదు. అప్పుడు వరుసలో ఉన్న పనుల్ని ఒక్కొక్కటే పట్టుకుని, నువ్వు దేని కోసం ఆగావు అని అడగడం మొదలుపెట్టింది.

అన్నీ ఒక్కచోటే ఆగాయి. మెమరీ కార్డు దగ్గర.

ఇంకాస్త తవ్వితే మిగతాది బయటపడింది. ఎప్పుడో ఒక పెద్ద కస్టమరుకు గొప్పగా చూపించడం కోసం, డబ్బాలో జరిగే ప్రతి చిన్న సంగతినీ క్షణక్షణం కార్డు మీద రాసే ఏర్పాటు చేశారు. చూపించడం అయిపోయింది, ఆ ఏర్పాటు తీసెయ్యడం మరిచారు. అదే సాఫ్ట్‌వేరు అన్ని డబ్బాల్లోకీ వెళ్లింది. చిన్న కార్డులు అవి, రాయించీ రాయించీ అరిగిపోయాయి. అరిగిన కార్డు ఒక్క ముక్క రాసుకోవడానికి ఆపసోపాలు పడుతుంటే, వెనక వచ్చిన ప్రతి పనీ దాని కోసం నిలబడిపోతోంది. ఫ్యాను వెయ్యాల్సిన పని కూడా ఆ వరుసలో ఉంది. తెర మీద అంకె మార్చాల్సిన పని కూడా ఉంది. ఆ రెండు పేర్లూ ఆమె కళ్లబడ్డాయి. చదివింది, కిందికి జరిపింది, తర్వాతి పేరు చూసింది.

"రవికిరణ్ గారూ! ఇలా రండి, పరిగెత్తుకు రండి!"

అతను వచ్చాడు, వెనకే కుర్రాళ్లందరూ వచ్చారు. ఆమె వేలు పెట్టి చూపిస్తుంటే, ఓర్నీ, కార్డా అని ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ఇన్ని నెలల బాధకు కారణం ఇంత చిన్నదా అని రవికిరణ్ నవ్వేశాడు. కింద నుంచి అందరికీ సమోసాలు తెప్పించమన్నాడు. ఆ ఏడాది మొత్తంలో వీరలక్ష్మి అంత సంతోషంగా ఉన్నది ఆ కాసేపే. మళ్లీ ఫోను మోగినప్పుడు రాజయ్యే అనుకుంది. అతనికి ముందు చెప్పాలనిపించింది.

ఫోనులో ఉన్నది రాజయ్య కాదు, ఆ టవర్లలో కరెంటు పని చూసే సాయిచంద్.

"మేడమ్, రాజన్న గుంటల దిగిండు. పిలుస్తుంటె పలుకుతలేడు."

"ఎందుకు దిగారు?"

"జాలీల చెత్త ఇరుక్కున్నది మేడమ్. గ్యాస్ సున్న ఉన్నది, ఫ్యాను నడుస్తున్నదని చూపెడుతున్నది. మేడమ్ లైన్లనే ఉన్నది, ఏమన్న ఉంటె ఆమెకు తెలుస్తది, ఫికర్ లేదని దిగిండు. నేను పోయి చూస్త..."

"దిగకండి! మీరు దిగకండి! ఆ అంకె పాతది!"

ఆ కేక ఆఫీసంతా వినిపించింది. ఎవరికీ ఏదీ విడమర్చి చెప్పాల్సిన పని లేకపోయింది. ఆ సున్నా ఎప్పటిదో. పొద్దున్నదో, నిన్నటిదో. పక్కన పెద్ద బ్లోయర్లు అంత రొద చేస్తుంటే చిన్న ఫ్యాను తిరుగుతోందో ఆగిందో ఏ చెవికీ తెలియదు. తెర మాత్రం తిరుగుతోందనే చెబుతోంది.

వీరలక్ష్మి రీస్టార్ట్ ఆదేశం కొట్టింది. ఒకసారి తప్పు కొట్టింది, మళ్లీ కొట్టింది. ఏమీ జరగలేదు. మిగతా పనుల్లాగే అది కూడా వెళ్లి ఆ వరుస చివర నిలబడింది.

"సాయిచంద్, మెయిన్ స్విచ్ తియ్యండి! డబ్బాది! తీసి మళ్లీ వెయ్యండి!"

"తీసిన మేడమ్... ఏసిన."

కొన్ని క్షణాలు ఏమీ లేదు. ఆనక ఫోనులోంచి సైరన్ మోత వినిపించింది. డబ్బా లేచీ లేవగానే గుంటలో ఏముందో కనుక్కుని గోలపెడుతోంది. తెర మీద అంకె చదవమంది వీరలక్ష్మి. సాయిచంద్ చదివాడు. ఆ అంకె విని, అగ్నిమాపక దళాన్ని పిలవమని ఆమె రవికిరణ్ మీద కేకేసింది.

అగ్నిమాపక దళం వాళ్లు వచ్చి రాజయ్యను పైకి తీశారు. అప్పటికి ఊపిరి ఉంది, తెలివి లేదు. దవాఖానలో మెషీను మీద పెట్టారు. వీరలక్ష్మి రోజూ వెళ్లేది. వెళ్లి మెట్ల దగ్గర నిలబడి, లోపల నుంచి వచ్చే నర్సులను అడిగి, వెనక్కి వచ్చేసేది. రాజయ్య భార్య కిష్టమ్మ వరండాలో గోడకు ఆనుకుని కూర్చుని ఉండేది. ఆమె దగ్గరికి వీరలక్ష్మి వెళ్లేది కాదు. ఎన్నో సైట్ల వాళ్ల మీద ఇష్టమొచ్చినట్టు కేకలేసిన మనిషి, ఆ వరండా దాటలేకపోయింది. రాజయ్య తెలివిలోకి రాలేదు. వారం తిరక్కుండానే పోయాడు.

ఇంటి దగ్గర రామ్మోహనరావు ఓదార్చబోయాడు. "నువ్వు దిగమన్నావా ఏంటి లక్ష్మీ? నీ తప్పేముంది ఇందులో?"

"దిగమనలేదండీ. ఆయన బాగుచేస్తానంటే వద్దన్నాను" అంది.

ఆయన లేచి వెళ్లి అన్నం కలిపి తెచ్చి ముందు పెట్టాడు. ఆమె ముట్టలేదు.

కంపెనీలో పనులు మాత్రం చకచకా జరిగాయి. ఊరంతా కార్డులు మార్చారు. కార్డు మీద రాసే ఏర్పాటు తీసేశారు. పాత అంకెను బూడిదరంగులో చూపించే మార్పు కూడా చేశారు, అది చెయ్యడానికి ఒక పూట కూడా పట్టలేదు. ఆ మాట తెలిసిన రోజు వీరలక్ష్మి బాత్రూములోకి వెళ్లి తలుపేసుకుని, నీళ్లు వదిలి, గట్టిగా ఏడ్చింది. ఇక డబ్బాలు స్లో కాలేదు. ఆమె పట్టుకున్న కారణం అక్షరాలా నిజం. మీ వల్లే దొరికింది మేడమ్ అని పైనుంచి మెచ్చుకుంటూ మెయిల్ కూడా వచ్చింది. మెయిల్ పంపినవాళ్లకు ఆ పూట ఏం జరిగిందో తెలియక కాదు. తెలిసే పంపారు.

రవికిరణ్ ఒకరోజు ఆమెను పక్కకు పిలిచాడు. అతని కళ్లు కూడా పీక్కుపోయి ఉన్నాయి. "మేడమ్, లాయరు గారు చెప్పమన్నారు. మీరు వాళ్లింటికి వెళ్లొద్దు. ఎవరైనా అడిగితే ఒకటే మాట. చేతి మీటరుతో గ్యాస్ కొలవకుండా దిగకూడదని రూలుంది. ఆపరేటరు కొలవలేదు."

రూలున్న మాట నిజమే. చేతి మీటరు అసోసియేషన్ ఆఫీసు బీరువాలో ఉంటుందని, తాళం ఊరెళ్లిన అక్కడి మేనేజరు జేబులో ఉండిపోయిందని సాయిచంద్ చెప్పాడు. అదీ నిజమే. కార్డు అరిగిన మాటా నిజమే. ఎవరికి కావలసిన నిజం వాళ్లు తీసుకుని పక్కకు తప్పుకోవచ్చు, అన్ని ఉన్నాయి అక్కడ. వీరలక్ష్మి సరేనని తలూపింది. ఆదివారం వచ్చాక ఎవరికీ చెప్పకుండా నార్సింగి వెళ్లింది.

పాత నార్సింగి ఊరు టవర్ల వెనక నక్కి ఉంది. సందులు సన్నం, ఆకాశం కూడా సన్నమే. రాజయ్య ఇల్లు ఏదని అడిగితే ఒక ముసలాయన వేలు చూపించాడు. కిష్టమ్మ గడప దగ్గరే కూర్చుని బియ్యంలో రాళ్లు ఏరుతోంది. వీరలక్ష్మి తన పేరు చెప్పబోయింది. నోట్లోంచి 'అమ్మా' అన్న మాట పూర్తిగా రాకముందే కిష్టమ్మ తలెత్తింది.

"ఫోన్ల మాట్లాడే మేడమ్‌వు నువ్వే గద. ఆయన ఇంటికాడ గూడ స్పీకర్ పెట్టి మాట్లాడుతుండె. నీ గొంతు నాకెరుకే. రా, కూసో."

చాప పరిచింది. లోపల ఫొటోకు దండ వేసి ఉంది. ఆ ఫొటోలో రాజయ్య చాలా చిన్నవాడు, ఏ పెళ్లిలో తీసిందో. వీరలక్ష్మి అటు చూడలేక బియ్యం చేటను చూస్తూ కూర్చుంది. క్షమించమని అడగాలని దారి పొడుగునా అనుకుంటూ వచ్చింది. ఆ మాట ఎంత చిన్నదో అక్కడ కూర్చున్నాక తెలిసింది. కిష్టమ్మ మంచినీళ్లు ఇచ్చింది. తాగే వరకూ ఆగింది.

"ఒక్క ముచ్చట అడుగుత, నిజం చెప్పు. మస్తుమంది వచ్చిండ్రు, ఏమేమో చెప్పిండ్రు. నాకేం సమజ్ గాలే. ఆయన డబ్బ బంద్ జేసి పెట్టన్నా అని నిన్ను అడిగిండంట. నువ్వు వద్దన్నవంట."

"అవునమ్మా. వద్దన్నాను."

"పెట్టుంటె ఏమైతుండె?"

వీరలక్ష్మి దగ్గర చెప్పడానికి చాలా ఉన్నాయి. రూలు ఉంది, బీరువా ఉంది, అరిగిన కార్డు ఉంది, లాయరు గారి మాట ఉంది. కిష్టమ్మ చేట పక్కన పెట్టి, కళ్లార్పకుండా ఆమెనే చూస్తోంది. ఇన్నేళ్లూ ఎవరో ఒకరిని నిలదీసి కారణం అడగడమే వీరలక్ష్మి పని. ఇప్పుడు అడిగేది కిష్టమ్మ.

"సరైన అంకె వచ్చేదమ్మా. సైరన్ మోగేది. ఆయన దిగేవారు కాదు."

"బతుకుతుండెనా?"

"బతికేవారమ్మా."

కిష్టమ్మ తిట్టలేదు, ఏడవలేదు. చాప అంచు పోగులు లాగుతూ కూర్చుంది. సందులోంచి ఎవరో బండి మీద ఉల్లిగడ్డలు అమ్ముకుంటూ పోయారు. ఆ కేక దూరమయ్యాక కిష్టమ్మ నోరు తెరిచింది.

"ఎవ్వలి మాట ఇననోడమ్మా ఆయన. తాగద్దంటె ఇనలే. ఆ గుంటల పని ఇడిచిపెట్టుమని నెత్తి నోరు కొట్టుకున్న, ఇనలే. బిడ్డ కాళ్లు పట్టుకుని ఏడ్చింది, ఇనలే." కొంగుతో ముఖం తుడుచుకుంది. "నీ మాట ఒక్కటే ఇన్నడు."